మెక్సికో వాళ్ళని ‘అమీగో’ అంటే తప్పా?

డల్లాస్_డైరీ · శనివారం రాత్రి 9:12

మొన్నటి వడగళ్ళకి మా ఇంటి పైకప్పు దెబ్బతింది. ఇన్సూరెన్స్ తతంగం అయ్యాక కప్పు మార్చడానికి ఆరుగురు వచ్చారు, అందరూ మెక్సికో వాళ్ళే. పొద్దున్నే ఏడింటికి పైకెక్కి ఎండలో సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. మధ్యాహ్నం మా ఆవిడ నిమ్మకాయ పిండి, ఉప్పేసి మజ్జిగ కలిపిచ్చింది. నేను ట్రే పట్టుకెళ్ళి వాళ్ళ మేస్త్రీతో ‘అమీగో, తాగండి’ అన్నాను. నాకొచ్చిన స్పానిష్ అంతే మరి. ఆయన గ్లాసు తీసుకుని ‘థాంక్యూ సర్’ అన్నాడు. నిచ్చెన పట్టుకున్న కుర్రాడు మాత్రం పక్కవాడి వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు నాకు రెండు రోజులు గుచ్చుకుంది.

సోమవారం ఆఫీసులో మెక్సికోలోని మాంటెరే నుంచి వచ్చిన కొలీగ్‌ని అడిగితే ‘తిట్టేం కాదులే. కానీ తెలియనివాడు అమీగో అంటే మా ఊళ్ళో అయితే బజారులో బేరానికి పిలిచినట్టుంటుంది, ఇక్కడైతే మా పేరు అడగడానికి బద్ధకించినవాడి మాటలా ఉంటుంది’ అన్నాడు. నోట మాట రాలేదు. స్నేహితుడా అని పిలిస్తే అలా ఎందుకు వినిపిస్తుంది? అసలు ఈ మాట ఇన్ని దేశాలు ఎలా తిరిగింది? తెలిసినవాళ్ళు చెప్పండి.

నిఘంటు_పిచ్చి · 10:05

మర్యాద సంగతి అక్కడున్నవాళ్ళు చెప్పాలి గానీ పుట్టుక నేను చెప్తాను. లాటిన్‌లో ‘అమారె’ అంటే ప్రేమించడం. దానికి చుట్టం ‘అమీకుస్’, అంటే స్నేహితుడు. లాటిన్ తల్లి పిల్లలకి ఆస్తి పంచినట్టు ఈ మాట కూడా పంచింది. స్పెయిన్, పోర్చుగల్ వాళ్ళకి అమీగో, ఇటలీ వాళ్ళకి అమీకో, ఫ్రెంచి వాళ్ళు అరగదీసి అరగదీసి ‘అమి’ దగ్గర ఆపారు. రొమేనియా వాళ్ళు మాత్రం రోజూ వాడే మాటని పక్కనున్న స్లావుల దగ్గర తెచ్చుకున్నారు, వాళ్ళకి స్నేహితుడంటే ‘ప్రియెతెన్’. ఇంట్లో బియ్యం ఉండగా పక్కింటికి చేట పట్టుకెళ్ళిన బాపతు.

ఇంకో తమాషా ఉంది. అమీకుస్ ముందు ‘కాదు’ అని అర్థమొచ్చే ‘ఇన్’ చేరిస్తే ‘ఇనిమీకుస్’, అంటే శత్రువు. అదే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి వచ్చి ‘ఎనిమీ’ అయింది. ఎనిమీ పొట్టలో అమీగో కూర్చున్నాడన్నమాట. సంస్కృతం కూడా సరిగ్గా ఇదే పని చేసింది, మిత్రుడు కానివాడు అమిత్రుడు. కాబట్టి ‘అమి’ అంటే ఫ్రెంచివాడు కౌగిలించుకుంటాడు, ‘అమిత్ర’ అంటే మన పండితుడు కర్ర తీస్తాడు.

ఇక ప్రయాణమంటారా, అది ఓడల మీద. 1565లో స్పెయిన్ వాళ్ళు ఫిలిప్పీన్స్‌లో పాతుకున్నారు, 1898 దాకా వదల్లేదు. ఇటు మెక్సికో మొదలుకొని దక్షిణ అమెరికా కొస దాకా వాళ్ళే. కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో పాపియమెంటో అనే భాష ఉంది, పోర్చుగీసు, స్పానిష్ కలిసిన క్రియోల్, అంటే కలగలుపు భాష. అందులో ‘అమీగు’. ఇంగ్లీషులోకి మాత్రం అమెరికా, మెక్సికో సరిహద్దు మీదుగా వచ్చింది.

పాలకొల్లు_పెసరట్టు · 10:21

అదంతా సరే మాస్టారూ. స్నేహితులు స్నేహితుల్ని ‘ఓ స్నేహితుడా’ అని పిలుచుకుంటారా ఎక్కడైనా? మనం ఒరేయ్ అంటాం, మామా అంటాం, బావా అంటాం. వాళ్ళకీ ఏదో ఒకటి ఉండాలిగా.

డల్లాస్_డైరీ · 10:48

ఉంది, అదీ అడిగాను. మెక్సికోలో ‘గ్వే’ అంటారట, ‘బ్వే’ అంటే ఎద్దు, అందులోంచి వచ్చింది. ఇంకోటి ‘క్వాతే’. అది స్పానిష్ మాటే కాదు, నవాట్ల్ మాట, అంటే అజ్టెక్‌ల భాష. ‘కోఆట్ల్’ అంటే పాము, కవల అని కూడా. కవలపిల్లాడిలాంటి వాడు కాబట్టి నేస్తం. స్పెయిన్ వాళ్ళు తెచ్చిన మాటని పక్కన పెట్టి ఆ నేల మాటని స్పానిష్‌లోకే ఎక్కించారు, అది నాకు భలే నచ్చింది. స్పెయిన్‌లో అయితే ‘తీయో’ అనుకుంటారట. అర్థం తెలుసా? మావయ్య!

పాలకొల్లు_పెసరట్టు · 10:50

మామా!!! నేను చెప్పలా. మాడ్రిడ్ అయినా పాలకొల్లు అయినా ఒకటే.

దవావో_డాక్టరమ్మ · 11:37

ఫిలిప్పీన్స్ మాట వచ్చింది కాబట్టి నేను దూరుతున్నా. ఎంబీబీఎస్‌కి దవావో వచ్చి నాలుగో ఏడు, మా హాస్టల్లో సగం మంది తెలుగువాళ్ళమే. వచ్చిన కొత్తలో మా ఓనరమ్మ ‘కుముస్తా’ అంటే కుంకుడుకాయ లాంటిదేదో అడుగుతోందనుకున్నా. స్పానిష్ ‘కోమో ఎస్తా’ అట, ఎలా ఉన్నావని. అంగట్లో ధరలు, గడియారంలో టైము చాలావరకు స్పానిష్ అంకెలే. ఇక్కడ జనంలో ఎక్కువమందికి స్పానిష్ ఏనాడూ రాలేదు, మాటలు మాత్రం అన్నం మెతుకుల్లా అంటుకుని ఉండిపోయాయి.

అమీగో, అమీగా ఇక్కడా ఉన్నాయి. కానీ మగాళ్ళ నోట రోజూ వినేది ‘పరే’. ట్రైసికిల్ డ్రైవరు ఇంకో డ్రైవర్ని దారి అడగాలన్నా పరే, చేపలమ్మేవాడు ఐసు మోసే కుర్రాణ్ణి పిలవాలన్నా పరే. ఇది స్పానిష్ ‘కొంపద్రే’, ఇక్కడి నోట్లో ‘కుంపరే’ అయి తల తెగి పరే అయింది. అసలు అర్థం వేరు: చర్చిలో పిల్లాడికి బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఒకాయన జ్ఞానతండ్రిగా నిలబడతాడు కదా, ఆయనా, పిల్లాడి సొంత తండ్రీ ఒకరికొకరు కొంపద్రే. పిల్లాడి వల్ల కలిసిన చుట్టరికం, మన వియ్యంకుల్లాగ. ఆడవాళ్ళకి కొమద్రే, ఇక్కడ కుమరే, ముద్దుగా ‘మరే’. ఇప్పుడు ఏ పిల్లాడూ లేడు, ఏ చర్చీ లేదు, టీకొట్టు దగ్గర నిలబడ్డ ప్రతివాడూ పరే. మన వాళ్ళు పెళ్ళి కాని పిల్లాణ్ణి పట్టుకుని ‘ఏం బావా’ అన్నట్టే.

ఇంకోటి చెప్పి పడుకుంటా, రేపు ఫార్మకాలజీ పరీక్ష ఉంది. ఇక్కడి ప్రధాన భాష తగలోగ్‌లో స్నేహితుడికి సొంత మాట ‘కైబిగాన్’. మధ్యలో ఉన్న ‘ఇబిగ్’ అంటే ప్రేమ, ఇష్టం. మాస్టారు చెప్పిన అమారె, అమీకుస్ లెక్కే! స్పెయిన్ ఓడ రాకముందే వీళ్ళూ ప్రేమలోంచే నేస్తాన్ని తీశారు. మరి అమీగో ఎందుకు అవసరమైందో నాకర్థం కాదు.

నిఘంటు_పిచ్చి · 11:52

అమ్మాయీ, చదువుకుని పడుకో. చాలా బాగా చెప్పావు. అవసరమై వచ్చే మాటలు తక్కువ, పెత్తనంతో వచ్చేవి ఎక్కువ.

సంశయం_సాంబయ్య · ఆదివారం ఉదయం 7:30

అన్నీ బాగున్నాయి, నా డౌటు ఒకటే. పోర్చుగీసు వాళ్ళు మనకి అలమర ఇచ్చారు, బాల్చీ ఇచ్చారు, ఇస్త్రీ ఇచ్చారు, పైన డల్లాస్ ఆయన రాసిన మేస్త్రీ కూడా వాళ్ళదే. వాళ్ళ భాషలోనూ స్నేహితుడు అమీగోయే కదా. సామాన్లు ఇచ్చి స్నేహితుణ్ణి ఇవ్వలేదేం? తెలుగులో ఈ బాపతు మాట ఒక్కటీ లేదా?

నిఘంటు_పిచ్చి · 8:02

సాంబయ్య గారూ, అమీగో రాలేదు గానీ స్పెయిన్ నుంచి ఇంకో స్నేహితుడు వచ్చాడు. మీ ఊరి గోడల మీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది చూడండి. కామ్రేడ్.

సంశయం_సాంబయ్య · 8:10

అది రష్యా మాట కాదండీ?

నిఘంటు_పిచ్చి · 8:44

అందరూ అలాగే అనుకుంటారు. రష్యా వాళ్ళ మాట ‘తవారిష్’, అది తురుష్క భాషల నుంచి వచ్చింది. ‘తవర్’ అంటే సరుకు, పశువు, కలిసి సరుకు అమ్ముకునే బేరం భాగస్తుడు. విప్లవం చేసినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు వ్యాపారంలో పార్ట్‌నర్ అని పిలుచుకున్నట్టు తేలింది, వాళ్ళకి తెలుసో లేదో.

కామ్రేడ్ కథ వేరు. గ్రీకులో ‘కమారా’ అంటే గుండ్రటి పైకప్పు. లాటిన్‌లో ‘కామెరా’ అయింది, గది అని అర్థం. స్పానిష్‌లో ‘కామరా’. 16వ శతాబ్దంలో స్పెయిన్ పటాలాలు ఇటలీలో, ఇప్పటి బెల్జియం వైపున్న ఫ్లాండర్స్‌లో తిరిగేవి. బసకి చోటు దొరికితే కొందరు సిపాయిలు ఒక గదిలో సర్దుకుని, డబ్బులు కలిపి ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళు. ఆ గుంపు పేరు ‘కమరాద’. ముందు గుంపు పేరు, తరవాత ఆ గుంపులో ఒక్కొక్కడి పేరు. అందుకే మగవాడి మాట అయినా ఆడమాటలాగ ‘ఆ’ తోనే ముగుస్తుంది. ఫ్రెంచి వాళ్ళు ‘కమరాద్’ అని ఎత్తుకున్నారు, వాళ్ళ దగ్గర్నుంచి ఆ శతాబ్దం చివరకి ఇంగ్లీషు వాళ్ళు. 1880ల్లో ఇంగ్లాండు సోషలిస్టులు మిస్టర్ తీసేసి పేరుకి ముందు కామ్రేడ్ పెట్టడం మొదలెట్టారు.

అంటే చూడండి, కెమెరా, ఫిలిం చాంబర్‌లో చాంబర్, కామ్రేడ్, మూడూ ఒకే గదిలో పుట్టాయి. కెమెరా అంటే మొదట చీకటి గదే, గోడకి చిన్న కన్నం పెట్టి బయట బొమ్మ లోపల పడేలా చేసేది. ఇన్ కెమెరా విచారణ అని పేపర్లో చూసి వీడియో తీస్తున్నారనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అది తలుపులేసిన గదిలో విచారణ.

పాలకొల్లు_పెసరట్టు · 9:15

ఆగండాగండి. నిన్న స్పానిష్ యాప్‌లో ‘కొంపన్యేరో’ అని ఇంకో స్నేహితుడు తగిలాడు. కిందే రాసి ఉంది, లాటిన్‌లో ‘పానిస్’ అంటే రొట్టె, కలిసి రొట్టె తినేవాడు అని. కంపెనీ మాట కూడా అదేనట. ‘సాయంత్రం కంపెనీ ఇస్తావా’ అని మనం అడిగేది ఉత్తినే కాదు!

ఇప్పుడు లెక్క చూడండి. కొంపన్యేరో అంటే కలిసి తినేవాడు. కమరాద అంటే కలిసి పడుకునేవాడు. ఒకే కంచం, ఒకే మంచం!

నిఘంటు_పిచ్చి · 9:19

ఒరేయ్, నీకు పాదాభివందనం. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, నాకు తట్టలేదు.

మాడరేటర్ · 9:40

ఎర్ర జెండా వచ్చింది కాబట్టి ముందే చెప్తున్నా. మాటల గురించి రాయండి, పార్టీల గురించి వద్దు. పోయినసారి థ్రెడ్ లాక్ చేయాల్సి వచ్చింది.

సూర్యాపేట_మనవడు · మధ్యాహ్నం 12:26

పార్టీ కాదు, మా తాత గురించి రాస్తా. 1946 నుంచి 51 దాకా సాయుధ పోరాటం నడిచిన ఊళ్ళల్లో మాదొకటి. తాత అప్పటికి పదిహేడేళ్ళ పశువుల కాపరి. అప్పుడు మా దగ్గర పార్టీ అనేవాళ్ళు కాదు, ‘సంఘం’ అనేవాళ్ళు. ఆంధ్ర మహాసభనే జనం సంఘం అన్నారు. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్యని కాల్చి చంపాక సంఘం ప్రతి ఊరికీ పాకింది.

తాత చెప్పేది ఒకటే. అంతకుముందు దొర ముందు నోరు తెరిస్తే వచ్చే మాట ‘నీ బాంచెన్, కాల్మొక్త’. బాంచెన్ అంటే బానిసని. ఆ వయసులో తనని పేరుతో పూర్తిగా పిలిచినవాడు లేడు, ‘ఓరి’ అనో ‘వాడా’ అనో. ఒక రాత్రి సంఘపాయన బట్టల మూట చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చి, జొన్నగటక తిని, పొద్దున పోతూ ‘వస్త కామ్రేడ్’ అన్నాడట. తాతకి అర్థం తెలీదు. మా ముత్తవ్వని అడిగితే ‘ఏమో బిడ్డా, తిట్టయితే కాదు’ అన్నదట. అర్థం తెలియని ఆ మాటని తాత ఎనభై ఏళ్ళు వచ్చేదాకా వదల్లేదు. పలకడం ‘కామ్రేటు’. మా నానమ్మకి కోపమొస్తే ‘ఏమయ్యా కామ్రేటూ, అన్నం తింటవా తినవా’ అని పిలిచేది.

కలిసి ఒక గదిలో పడుకున్నవాళ్ళు అని మాస్టారు రాసింది చదివాక, ఆ రాత్రి మా గుడిసెలో ఉన్నదే ఒక్క గది కదా అనిపించింది.

దవావో_డాక్టరమ్మ · 1:03

పరీక్ష బాగా రాశా. అన్నా, మీ తాత కథ చదివి మా రూమ్‌మేట్‌కి అనువాదం చేసి చెప్పా. ఇక్కడ రైతు నాయకుల్నీ లెఫ్ట్ వాళ్ళనీ పేరుకి ముందు ‘కా’ పెట్టి పిలుస్తారు. మన గోడల మీద పేర్ల ముందు రాసే ‘కా॥’ గుర్తొచ్చింది. వీళ్ళ ‘కా’ వీళ్ళ సొంత భాషలోదే, మనదానికి చుట్టం కాదు. అయినా రెండు గోడలూ ఒకలాగే కనిపిస్తాయి.

సంశయం_సాంబయ్య · 1:30

మళ్ళీ నేనే. తమిళులు ‘తోళర్’ అంటారు, మలయాళీలు ‘సఖావు’ అంటారు, కన్నడిగులు ‘సంగాతి’. అందరూ సొంత మాట పెట్టుకున్నారు, మనకి చెలికాడు, నేస్తం, సావాసగాడు ఇన్ని ఉండగా మనమెందుకు అరువు మాటే ఉంచుకున్నాం?

నిఘంటు_పిచ్చి · 2:15

నా అభిప్రాయం చెప్తా, తప్పయితే దిద్దండి. మనకి మనిషిని పిలవాలంటే వరసైనా కావాలి, కులమైనా కావాలి, గారూ అనైనా అనాలి. చెలికాడు అంటే కావ్యంలా ఉంటుంది. మిత్రమా అంటే నాటకంలా ఉంటుంది. నేస్తం అంటే ఉత్తరం మొదలెట్టినట్టుంటుంది. వరస లేని, కులం లేని, ఆడా మగా తేడా లేని పిలుపు మన సంచిలో లేకపోయింది. అలగానిపాడులో సుందరరామిరెడ్డిగా పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు చివరి ముక్క వదిలేసి సుందరయ్య అయ్యాడు. అలా తోక కోసేసుకున్న పేరుకి ముందు పెట్టడానికి అంతకుముందు ఎవరినీ పిలవని మాటే సరిపోతుంది. పరాయితనమే దాని సుగుణం.

సూర్యాపేట_మనవడు · 2:31

సగం ఒప్పుకుంటా. మాకు వరస లేకుండా కుదరలేదు మాస్టారూ. తరవాత వచ్చినవాళ్ళని జనం ‘అన్నలు’ అనే అన్నారు. ఇక ఊళ్ళో దోస్తుకి దోస్తే. అదీ ఫార్సీ నుంచి వచ్చిందే, అరువని ఎవరికీ గుర్తు లేదు.

ఓస్లో_చలి · 5:08

ఇది చదివి నవ్వాగలేదు, మా నాన్నగారి ముచ్చట చెప్పాలి. ఆయన గుంటూరులో బ్యాంకు యూనియన్లో ముప్పై ఏళ్ళు తిరిగిన మనిషి. పోయిన వేసవిలో ఇక్కడికొచ్చారు. ఒకరోజు మా వాణ్ణి తీసుకురావడానికి బార్నెహాగెకి, అంటే చిన్నపిల్లల బడికి, నాతో వచ్చారు. టీచరు మావాణ్ణీ ఇంకో బుడ్డోణ్ణీ చూపించి నవ్వుతూ ‘కమెరాతెర్’ అంది. నాన్న అక్కడే ఆగిపోయి ‘ఏరా, ఇక్కడ నాలుగేళ్ళ పిల్లల్ని కూడా చేర్చుకుంటున్నారా?’ అన్నారు.

నార్వేలో కమెరాత్ అంటే ఉత్త స్నేహితుడు, మగపిల్లల మధ్య. స్వీడన్‌లో క్లాస్‌మేట్ అంటే ‘క్లాస్‌కమ్రాత్’. రోజువారీ మాటలో రాజకీయం వాసనే ఉండదు. జర్మన్‌లో ఇంకా చిత్రం, ‘కమెరాద్’ ఎక్కువగా సిపాయిల మాటగానే ఉండిపోయింది, లెఫ్ట్ వాళ్ళు ‘గెనోస్సె’ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో లొంగిపోయే జర్మన్ సిపాయిలు చేతులెత్తి ‘కమెరాద్’ అని అరిచేవాళ్ళు, చంపకురా నేనూ నీలాంటివాణ్ణే అని.

నిఘంటు_పిచ్చి · 5:40

పుట్టినింట్లో కూడా దానికి ఒక జెండా లేదు. 1936 నుంచి 39 దాకా స్పెయిన్ అంతర్యుద్ధంలో కమ్యూనిస్టులు కమరాద అనే పిలుచుకున్నారు, వాళ్ళని కాల్చిన ఫలాంహె ఫాసిస్టులూ కమరాద అనే పిలుచుకున్నారు. అటు చైనాలో ‘తోంగ్‌జీ’, ఒకే సంకల్పం ఉన్నవాడు అని. 1980ల చివర హాంకాంగ్‌లో స్వలింగ ప్రియులు ఆ మాటని తమ కోసం తీసుకున్నారు, ఇప్పుడు కుర్రకారుకి ముందు గుర్తొచ్చే అర్థం అదే.

బ్రసెల్స్_బాబు · రాత్రి 8:55

కామ్రేడ్ గొడవలో అమీగోని మర్చిపోయారు. బెల్జియంలో అమీగో అంటే ఏంటో తెలుసా? పోలీస్ స్టేషన్ లాకప్!

నిజంగానే. తాగి రోడ్డు మీద గొడవ చేస్తే ఇక్కడి ఫ్రెంచిలో ‘వాణ్ణి అమీగోలో పెట్టారు’ అంటారు. టౌన్‌హాల్ వెనక వీధి పేరే అమీగో వీధి, పాత జైలు అక్కడుండేది. స్పెయిన్ వాళ్ళు ఈ ప్రాంతాన్ని ఏలిన రోజుల్లో స్థానికులు జైలుని ‘వ్రుంతె’ అనేవాళ్ళు, కంచె వేసిన చోటు అని. స్నేహితుడికి ఇక్కడి మాట ‘వ్రింద్’. సిపాయిలకి రెండూ ఒకలాగే వినిపించి, జైలుకి స్నేహితుడని పేరు పెట్టేశారట. ఊరివాళ్ళు దిద్దకుండా అదే ఖాయం చేశారు.

పాలకొల్లు_పెసరట్టు · 9:01

వాళ్ళకి జైలు స్నేహితుడు, మనకి జైలు అత్తారిల్లు. ఇంకాస్త భక్తి ఉంటే శ్రీకృష్ణ జన్మస్థానం. ఏ దేశంలోనూ జైలుని జైలు అనరు కాబోలు.

సంశయం_సాంబయ్య · 9:20

మా తమ్ముడి దగ్గర పాత అమీగా కంప్యూటర్ ఉండేది, 1985లో వచ్చిన మోడల్. ఆ పేరు స్పానిష్‌లో స్నేహితురాలని ఇవాళే తెలిసింది.

నిఘంటు_పిచ్చి · 9:34

అవును. ఆ పేరు పెట్టినవాళ్ళు ఇంకో లెక్క కూడా వేసుకున్నారు, టెలిఫోన్ డైరెక్టరీలో యాపిల్ కంటే, అటారీ కంటే ముందు వస్తుందని.

డల్లాస్_డైరీ · సోమవారం రాత్రి 10:17

థ్రెడ్ మొదలెట్టి మాయమయ్యానని తిట్టుకోకండి, అంతా చదివాను. ఇవాళ గట్టర్ బిగించడానికి అదే మేస్త్రీ వచ్చాడు. ఈసారి బుద్ధిగా ముందు పేరు అడిగాను. చెప్పాడు, రెండు ముక్కల పేరు, నేను రెండోసారికి సరిగ్గా పలికాను. ఆయన ముఖం విప్పారింది. మరి మీ పేరేంటని అడిగాడు. చెప్పాను. మీకు తెలుసుగా, మా నాన్న ఇష్టదైవం, తాత పేరు, ఇంటిపేరు అన్నీ కలిపి పెట్టిన రైలు. ఆయన ఒకసారి ప్రయత్నించాడు, రెండోసారి మధ్యలో ఆగాడు, మూడోసారి మొదలెట్టి తల గోక్కుని, నా భుజం మీద చెయ్యేసి అన్నాడు:

‘ఓకే, అమీగో.’

పాలకొల్లు_పెసరట్టు · 10:19

నీ పేరంటే బద్ధకించాడన్నమాట. మజ్జిగ ఇచ్చావా లేదా మామా?

డల్లాస్_డైరీ · 10:25

రెండు గ్లాసులు తాగాడు. ఉప్పు ఎక్కువైందన్నాడు.